పనసపొట్టు కూర: ఆవ చేదెక్కకుండా పెట్టడం ఎలా?

పనసపొట్టు అంటే పనసకాయ తొక్క కాదు. విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకి ఈ మాట చెప్పక్కర్లేదు. ఉద్యోగాలకని కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లు మాత్రం మార్కెట్లో తడిసిన రంపంపొట్టులా కుప్పపోసి అమ్మేదాన్ని చూసి, ఇది పశువులకేమో అనుకుని వెళ్లిపోతుంటారు. గింజ ముదరని లేత పనసకాయకి చెక్కు తీసి, కత్తితో సన్నగా కొడితే వచ్చేదే పొట్టు. వండటం తేలిక. కూర పాడైందంటే మాత్రం కారణం రెండింట్లో ఒకటై ఉంటుంది: నీరు సరిగ్గా పిండి ఉండరు, లేదా పొయ్యి మీద ఉండగానే ఆవ, అంటే నూరిన ఆవాల ముద్ద, కలిపేసి ఉంటారు.

నలుగురికి కావలసినవి

పనసపొట్టు అర కిలో, నిమ్మకాయంత చింతపండు, పచ్చిమిర్చి 4, అంగుళం అల్లం, పసుపు అర చెంచా, ఉప్పు చెంచాన్నర, నూనె 5 పెద్ద చెంచాలు.
పోపుకి: శనగపప్పు, మినప్పప్పు ఒక్కో పెద్ద చెంచా, ఆవాలు అర చెంచా, ఎండుమిర్చి 4, ఇంగువ పావు చెంచా, కరివేపాకు 2 రెబ్బలు, జీడిపప్పు ఓ గుప్పెడు. జీడిపప్పుకి పేరున్న పలాస మన ఉత్తరాంధ్రలోనే ఉంది కాబట్టి దాని దగ్గర పీనాసితనం వద్దు.
ఆవకి: ఆవాలు 2 చెంచాలు, ఎండుమిర్చి 2, చిటికెడు ఉప్పు, పచ్చి నూనె ఒక చెంచా.

(చెంచా అంటే ఇక్కడ టీస్పూను.)

పొట్టు కొనేటప్పుడు

పూర్ణా మార్కెట్లోనైనా, రైతుబజారులోనైనా కళ్లముందు కొట్టించుకోవడం మేలు. కోసిన పనస గాలి తగిలితే నల్లబడుతుంది. పొట్టు మీగడ రంగులో ఉంటే తాజాది. గోధుమ రంగుకి తిరిగి పుల్లటి వాసన వస్తే పొద్దుటిదో, నిన్నటిదో. పొట్టులో గట్టి గింజ ముక్కలు కనిపిస్తే కాయ ముదిరింది, ఎంత ఉడికించినా పీచు నోట్లో మిగులుతుంది.

సింహాచలం కొండ పనసకి పేరు. అటు వెళ్లి కాయ తెచ్చుకునేవాళ్లు పెద్దది చూసి ముచ్చటపడకండి. కిలో, కిలోన్నర బరువుండి, ముళ్లు దగ్గర దగ్గరగా, ఆకుపచ్చగా ఉన్నది చాలు. చేతులకీ, కత్తికీ, పీటకీ నూనె రాసుకోకపోతే ఆ జిగురు సబ్బుకి లొంగదు. చెక్కు మందంగా తీసి, నడిమి దండు పారేసి, ముక్కల్ని పసుపు కలిపిన పల్చటి మజ్జిగలో వేస్తే నల్లబడవు. మిక్సీలో పొట్టు చేయాలంటే కొద్దికొద్దిగా వేసి, రెండు సెకన్లు తిప్పి ఆపుతూ నాలుగైదుసార్లు చేయండి. ఒకేసారి తిప్పేస్తే అది పచ్చడి.

ఉడికించడం, పిండటం

పొట్టుని ఓసారి కడిగి, అది మునిగేటన్ని నీళ్లలో పసుపు, సగం ఉప్పు వేసి మూత లేకుండా 10 నుంచి 12 నిమిషాలు ఉడికించండి. రెండు వేళ్ల మధ్య నొక్కితే తెగాలి గానీ ముద్ద కాకూడదు. కుక్కరే కావాలంటే గిన్నెలో నీళ్లు పోయకుండా పొట్టు పెట్టి, అడుగున మాత్రం నీళ్లుంచి, ఒక్క కూత రాగానే దించండి.

చింతపండు రసం ఈ దశలో పోయకూడదు. పులుపు తగిలిన కూరగాయ తొందరగా మెత్తబడదు. అరగంట ఉడికినా పొట్టు బిరుసుగానే ఉందని కాయని తిట్టుకునేది ఇక్కడే.

ఉడికాక చిల్లుల గిన్నెలో వంచి, చల్లారనిచ్చి, పల్చటి గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండండి. విప్పి విదిలిస్తే పొడిపొడిగా రాలాలి. నీరు మిగిలితే పోపులో వేగదు, ఆవ పల్చబడిపోతుంది.

పోపు

బాణలిలో నూనె కాగాక పప్పులు, జీడిపప్పు ఎర్రబడనిచ్చి, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, తరిగిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేయండి. చిక్కటి చింతపండు గుజ్జు, మిగిలిన ఉప్పు వేసి, నూనె పైకి తేలేదాకా మగ్గించాలి. పచ్చి వాసన పోయాకే పొట్టు. మధ్య మంట మీద 6, 7 నిమిషాలు వేయించి పొయ్యి కట్టేయండి.

ఇక ఆవ

పోపులో చిటపటలాడిన ఆవాలకి ఘాటుండదు, నూరిన ఆవ ముక్కుకెక్కుతుంది. రెండూ ఒకే డబ్బాలోవే. ఆవగింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు లోపలి ఎంజైము పనిచేసి దాన్ని పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చస్తుంది, ఘాటు పుట్టదు, చేదు మాత్రం మిగులుతుంది. అందుకని వేడినీళ్లలో నానబెట్టొద్దు.

ఆవాలు, ఎండుమిర్చి చన్నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, ఉప్పు వేసి, ఆ నీళ్లే కాసిని చల్లుకుంటూ నూరండి. చిన్న రోలు ఉంటే అంతకన్నా ఏం కావాలి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, ఆగకుండా తిరిగితే జారు వేడెక్కుతుంది. నూరాక మూతపెట్టి 10 నిమిషాలు వదిలేస్తే ఘాటు పూర్తిగా తేలుతుంది. మూత తీసి మొహం దగ్గర పెట్టుకోకండి, కళ్లు మండుతాయి.

కూరలో వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలి. అప్పుడు ఆవముద్దలో పచ్చి నూనె కలిపి, కూరలో వేసి చేత్తో అడుగు నుంచి కలపండి. ఇంత పొట్టుకి 2 చెంచాల ఆవాలు మించితే ఘాటు పెరగదు, చేదు పెరుగుతుంది. ఆవాలు పాతవైనా అంతే. చేదు వచ్చేసిందా, అర చెంచా బెల్లం తురుము, కాస్త ఉడికించిన చింతపండు గుజ్జు కలపండి. పూర్తిగా పోదు, భోజనం గట్టెక్కుతుంది.

కలపగానే వడ్డించకుండా గంట ఊరనివ్వండి. మర్నాటికి ఘాటు తగ్గి పులుపు పైకొస్తుంది. అదే బాగుంటుందనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్లతో వాదించి లాభం లేదు. అయితే వేసవిలో ఈ సముద్రపు ఉక్కపోతకి కూరని రాత్రి బయట ఉంచితే పొద్దుటికి పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ వేడి చేయొద్దు, పెట్టిన ఆవ ఆవిరితో పోతుంది. చల్లగా ఉన్న కూరనే వేడన్నంలో కలుపుకుంటే సరిపోతుంది, పక్కన ముద్దపప్పు ఉంటే సరి.

పనస దొరకని నెలల్లో ఇదే ఆవ అరటికాయకి, కంద బచ్చలికి పెట్టుకోవచ్చు. అరటికాయకి మాత్రం ఆవాలు చెంచాన్నర చాలు.