కెమెరా సంగతి తర్వాత, ముందు ఫ్యాన్ ఆపండి

ప్రతి ఏడాది కాలేజీ ఫెస్ట్ దగ్గర పడగానే జూనియర్లలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నం, ఏ కెమెరా అద్దెకు తెస్తే మంచిగుంటది?" కథ ఉందా అంటే లైన్ ఉందంటారు. ఎవరు చేస్తున్నారంటే చూస్తున్నామంటారు. సౌండ్ ఎట్లా అని అడిగితే అటువైపు కాసేపు చప్పుడుండదు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పెట్టి, అంతా ఒక్కచోట రాసి పెడుతున్నా.

మా మొదటి సినిమా హన్మకొండలో ఒక అద్దె రూములో తీశాం. ఉన్న డబ్బులన్నీ రెండు రోజుల కెమెరా అద్దెకే పెట్టాం, మైకు అనే వస్తువు ఒకటుంటుందని ఎవరికీ తట్టలేదు. కొడుకు అమ్మకు ఫోన్ చేసి, ఫీజు కట్టలేదన్న మాట చెప్పలేక చెప్పే సీను. మావాడు నిజంగానే ఏడ్చాడు, చూస్తున్న మా అందరికీ గొంతు పట్టేసింది. తీరా ఎడిటింగ్‌కు కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే, పైన ఫ్యాన్ గరగర, సరిగ్గా వాడు "అమ్మా" అన్న దగ్గర సందులో నుంచి పాత ఇనుప సామాన్ల బండి మైకు. డబ్బింగ్ చెప్పించాం. మాటలు వచ్చాయి, ఆ ఏడుపు మాత్రం మళ్లీ రాలేదు. బొమ్మ కొంచెం అటూ ఇటూ ఉన్నా జనం సర్దుకుని చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం రెండో నిమిషానికే ఫోన్లు తీస్తారు.

కథ దగ్గర నుంచి మొదలుపెడదాం. మొదటిసారి తీసేవాళ్లు ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు, ఇద్దరు ముగ్గురు మనుషులు, రెండు లొకేషన్లు దాటకండి. కథ ఆలోచించే ముందు ఒక కాగితం మీద మీ బ్యాచ్‌కు అడిగితే దొరికేవన్నీ రాయండి. ఒకడి మామకు ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం ఉంటుంది, ఇంకొకరి ఇల్లు కొత్తవాడలో జంపఖానాలు నేసే సందులో ఉంటుంది, ఒకరి తాత ఇప్పటికీ సైకిల్ మీదే తిరుగుతాడు. కథ అందులో నుంచి తీయండి. గ్యాంగ్‌స్టర్ కథ రాసుకుని దానికి కారు, తుపాకీ, కోటు వెతుక్కుంటూ తిరిగిన బ్యాచ్‌లను చాలా చూశా, ఆ కోటు వేసుకున్న పిల్లగాడు ఎవరో అద్దెకు తెచ్చిన పెళ్లికొడుకులా ఉంటాడు. ఒక హెచ్చరిక మాత్రం: ఎండాకాలం ముందు మిర్చి పోటెత్తే రోజుల్లో మార్కెట్ యార్డులో డైలాగ్ సీన్ పెట్టుకోవద్దు, ఆ ఘాటుకు సగం టేకులు తుమ్ముల్లోనే పోతాయి. మాటల్లేని సీన్ అయితే అంత ఎర్రని గుట్టలు ఇంకెక్కడా దొరకవు.

డైలాగులు మన మాటల్లోనే రాయండి. ఇంట్లో "ఎటు పోయినవ్‌రా" అనే అమ్మ చేత స్క్రిప్టులో "ఎక్కడికి వెళ్లావు నాన్నా" అనిపిస్తే నటించేవాళ్ల నాలుక తిరగదు, చూసేవాళ్లకు నమ్మకం కుదరదు. మన యాసను కామెడీ క్యారెక్టర్‌కే అంటగట్టే అలవాటు కూడా మానుకోండి, హీరో కూడా వరంగల్ పిల్లగాడే కదా. ఒక పేజీ అంటే ఒక నిమిషం అనే లెక్క ఇంగ్లిష్ స్క్రిప్టు ఫార్మాట్‌లో పుట్టింది, మనం చేత్తో రాసుకునే నోటుబుక్కు పేజీకి అది కుదరదు. ఫోన్‌లో టైమర్ పెట్టి, చూపులు, మౌనాలు అన్నీ కలుపుకుంటూ పైకి చదవండి. పన్నెండు నిమిషాలు వచ్చిందంటే కత్తిరించాల్సింది ఇప్పుడే, ఎడిటింగ్‌లో కాదు.

టీమ్ ఆరుగురు చాలు. డైరెక్టర్, కెమెరా, సౌండ్, టైమ్ చూస్తూ అందరినీ తరిమే అసిస్టెంట్ డైరెక్టర్, క్లాప్ కొట్టి కంటిన్యుటీ రాసుకునే ఒకరు, తిండీ బండీ చూసుకునే ఒకరు. డైరెక్టరే హీరో కూడా అయితే ఆ షాటు ఎవరు చూస్తున్నట్టు? కంటిన్యుటీ అంటే పెద్ద విద్య ఏం కాదు, ప్రతి షాట్ అయ్యాక ఆ ఫ్రేమును ఇంకో ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకోవడమే. మా రెండో సినిమాలో చాయ్ గ్లాసు ఒక షాట్‌లో సగం ఉంటుంది, తర్వాతి షాట్‌లో నిండుగా ఉంటుంది, ఇప్పటికీ దాని మీద జోకులు నడుస్తున్నాయి.

లొకేషన్ చూడ్డానికి పోయినప్పుడు అందరూ చేసే తప్పు ఫొటోలు తీసుకుని వచ్చేయడం. షూటింగ్ ఏ టైముకు పెట్టుకున్నారో అదే టైముకు పోండి. నిలబడి రెండు నిమిషాలు కళ్లు మూసుకోండి. ఏమేం వినపడుతున్నాయో రాయండి. కాజీపేట వైపు ఇల్లయితే రైలు కూత తప్పదు, జంక్షన్ కాబట్టి రైళ్లు వస్తూనే ఉంటాయి. గుడి మైకు ఎప్పుడు పెడతారు, బడి గంట ఎప్పుడు కొడతారు, పక్కన కడుతున్న బిల్డింగులో కట్టర్ మిషన్ ఏ రోజుల్లో ఆగుతుంది, ఇవన్నీ ఆ వాడకట్టు వాళ్లను అడిగితేనే తెలుస్తాయి. ఆ తర్వాత ఎండ ఏ కిటికీలో నుంచి ఎంతసేపు పడుతుందో, ప్లగ్గులు ఎక్కడున్నాయో, ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, బాత్రూమ్ ఉన్నాయో లేవో చూడండి. ఈ చివరిది మగపిల్లలకు గుర్తే రాదు, అందుకే విడిగా చెబుతున్నా.

వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ తోరణాలు, రామప్ప, ఈ మూడూ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నవి. టూరిస్టులా ఫొటో దిగడం వేరు, ట్రైపాడ్ దింపి యాక్షన్ అనడం వేరు, దానికి ముందుగా దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాలి. రామప్పకైతే 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. రైల్వే స్టేషన్‌లో తీయాలన్నా రైల్వే వాళ్ల పర్మిషన్ ఉండాల్సిందే. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లెటర్ ఎప్పుడూ సంచిలో పెట్టుకోండి, పర్మిషన్ అక్కర్లేని చోట కూడా ఎవరైనా ఆపి అడిగితే అది చూపించవచ్చు. డ్రోన్ షాట్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా, 250 గ్రాములలోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో, ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. పెళ్లిళ్లకు తెచ్చే డ్రోన్లలో అంతకన్నా బరువైనవీ ఉంటాయి. అయినా రూములో జరిగే కథకు పైనుంచి భద్రకాళి చెరువు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తేదీల సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ నలభై దాటుతుంది, మనుషుల కంటే ముందు ఫోన్ వేడెక్కి కెమెరా ఆగిపోతుంది. దసరా తర్వాత నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అందులో కూడా రెండేళ్లకొకసారి వచ్చే మేడారం జాతర చూసుకోండి, ఆ వారం ములుగు రోడ్డు వైపు షూటింగ్ పెట్టుకుంటే బండి దొరకదు, దొరికినా కదలదు. బయటి సీన్లు పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యాహ్నం ఇంటి లోపలి సీన్లు.

షాట్ లిస్టు సీన్ల వరుసలో రాసుకుని, దాన్ని మళ్లీ లొకేషన్ వరుసలోకి మార్చండి. ఒకే గదిలో జరిగే మొదటి సీను, చివరి సీను ఒకేరోజు తీసేయాలి, మధ్యలో గడ్డం గీసుకునే హీరో ఉంటే గడ్డం ఉన్నవి ముందు. కొత్త టీమ్‌కు రోజుకు పదిహేను షాట్లు అయితే గొప్ప. నలభై రాసుకుని పోతే సాయంత్రానికి క్లైమాక్స్ చీకట్లో తీయాల్సి వస్తుంది.

ఇక కెమెరా. మీ టీమ్‌లో అందరికన్నా మంచి ఫోన్ ఎవరిదో అదే కెమెరా. ఫోన్‌తో వచ్చిన యాప్ కాకుండా బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్ వేసుకోండి, ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగు) టేకు మధ్యలో మారకుండా లాక్ చేసుకోవచ్చు. ఫ్రేమ్ రేటు సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ కింద బొమ్మ మిణుకు మిణుకుమనదు. ఎండలో 1/50 పెడితే అంతా తెల్లగా పోతుంది, అప్పుడు వెలుగు తగ్గించేందుకు ఫోన్‌కు తగిలించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి, అది లేకపోతే నీడ పట్టున తీయండి. లైట్ల అద్దె దండగ. కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టి, రెండోవైపు తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకుంటే సరిపోతుంది. ఇద్దరు మాట్లాడుకునే సీన్‌లో వాళ్లిద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరా ఎప్పుడూ ఆ గీతకు ఒకే వైపు ఉంచండి, దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు కనపడతారు.

సౌండ్‌కు రండి. కాలర్‌కు పెట్టుకునే వైరు మైకు వెయ్యి రూపాయలలోపు దొరుకుతుంది. దాన్ని ఇంకో ఫోన్‌కు పెట్టి, ఆ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నటించేవాళ్ల జేబులో పెట్టండి. మైకును చొక్కా బటన్ల మధ్య లోపలి వైపు టేపుతో అంటిస్తే కనపడదు, కానీ బట్ట రాసుకునే చప్పుడు వస్తుందేమో హెడ్‌ఫోన్స్‌లో వినే ఒక మనిషి తప్పకుండా ఉండాలి. ప్రతి టేక్ ముందు కెమెరాకు కనపడేలా చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు పట్టుకునే బొమ్మనూ సౌండ్‌నూ కలుపుతారు. ఫ్యాన్ ఆపండి, కూలర్ ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. అప్పుడు ఇంటికి పోయేటప్పుడు తాళం కోసం వెతికి ఫ్రిజ్ తిరిగి ఆన్ చేస్తారు, లేకపోతే ఇల్లిచ్చిన పెద్దమ్మ పాలన్నీ విరిగిపోతాయి, రెండోసారి ఆ గడప తొక్కనివ్వదు. సీన్ అయిపోయాక అందరూ కదలకుండా నిలబడి ముప్పై సెకన్లు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. వింతగా ఉంటుంది, ఎవరో ఒకరు నవ్వుతారు, అయినా చేయండి. మాటల మధ్య కోసిన చోట అతుకు పెట్టేది దాంతోనే.

ఖర్చులో సగానికి పైగా తిండికీ పెట్రోల్‌కే పోతుంది, దాచుకోకుండా ముందే లెక్క వేయండి. ఊరికే చేస్తున్న వాళ్లకు కనీసం టైముకు అన్నం పెట్టాలి. మాకు ఒకడి ఇంటి నుంచి డబ్బా నిండా సర్వపిండి వచ్చేది, పదకొండు గంటల ఆకలికి దాన్ని మించింది లేదు.

సాయంత్రం ఇంటికి పోయేముందు ఫుటేజీ రెండు చోట్ల కాపీ చేయాలి, ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి హార్డ్‌డిస్క్‌లో, ఇద్దరి ఇళ్లల్లో. రెండూ తెరిచి చూశాకే ఫోన్‌లోవి తీసేయండి.

ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. ఫోన్ మామూలు యాప్‌తో తీసి ఉంటే ఫ్రేమ్ రేటు మధ్యమధ్యలో మారుతుంటుంది, పెద్ద షాట్లలో పెదాలకూ మాటకూ పొంతన తప్పేది చాలాసార్లు అందుకే, ముందు ఒకే ఫ్రేమ్ రేటులోకి మార్చుకోండి. సినిమా పాటలు వాడకండి, యూట్యూబ్ పట్టుకుంటుంది, ఫెస్టివల్స్ వాళ్లు హక్కుల కాగితం అడుగుతారు. జానపద పాట ఎవరిదీ కాదు కదా అని వేరేవాళ్ల రికార్డింగ్ పెట్టేస్తే అదీ తప్పే, ఆ రికార్డింగ్ మీద హక్కు వాళ్లకుంటుంది. మీ ఊళ్లో డప్పు కొట్టే అన్నను పిలిచి, డబ్బులిచ్చి, రికార్డు చేసుకుని, టైటిల్స్‌లో పేరు వేయండి.

అయిపోయిందనుకున్నాక ఆ ఫైలును ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, ఇయర్‌ఫోన్స్‌లో ఒకసారి వినండి. షోకు ముందురోజు మాత్రం పెన్‌డ్రైవ్ పట్టుకుని సెమినార్ హాలుకు పోయి, చివరి వరసలో కూర్చుని వినండి. అక్కడ కూడా పైన ఫ్యాన్లుంటాయి, స్విచ్ బోర్డు ఎక్కడుందో అప్పుడే చూసి పెట్టుకోండి.