మడమ జారకుండా లేసు ముడి
విశాఖ ఉక్కపోతలో అరగంట ఆడేసరికి సాక్సు తడిసి, టెన్నిస్ షూలో మడమ జారేది. నెట్ దగ్గర ఆగినప్పుడల్లా వేలు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడింది. మన ఆడవాళ్లలో చాలామందికి వేళ్ల దగ్గర వెడల్పు, మడమ సన్నం మరి.

షూ పైన అందరూ ఖాళీగా వదిలేసే చివరి రంధ్రం ఉంటుంది చూడండి. లేసును అడ్డంగా దాటించకుండా, అదే వైపు ఆ రంధ్రంలోకి బయటినుంచి లోపలికి దూర్చి, చిన్న ఉచ్చు వదలండి. రెండో వైపూ అంతే. కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి తీయండి. మడమను నేలకు రెండుసార్లు తట్టి, కొసలను కిందికి లాగి ముడేయండి. వేళ్ల దగ్గర మాత్రం వదులే.

పాదం తిమ్మిరెక్కితే కాస్త సడలించండి. వేళ్ల ముందు అర అంగుళమైనా ఖాళీ లేని షూకి ఇది పనిచేయదు.