అవ్వాతాతలతో కలిసి చెనిక్కాయల ఉండలు

చిత్తూరు జిల్లా మెట్ట చేలలో పండే చెనిక్కాయలూ (వేరుశనగలు), ఇక్కడి చెరకు బెల్లమూ ఉంటే, పాకం పట్టే ప్రమాదం లేకుండా పెద్దవాళ్లతో కలిసి ఈ ఉండలు చేసుకోవచ్చు. 2 గిన్నెల గింజలకు 1 గిన్నె బెల్లం తురుము, 2 ఏలకులు చాలు.

వేయించే పని మాత్రం మీరే చేయండి. సన్నని సెగ మీద 10 నిమిషాలకు పైగా కలుపుతూ వేయిస్తే పొట్టు పగిలి కమ్మని వాసన వస్తుంది. పూర్తిగా చల్లారాక గింజలను చేటలో పోసి, ఆనుకునే కుర్చీలో కూర్చున్న అవ్వకు అందించండి. ఆమె అరచేతులతో నలిపి రెండుసార్లు చెరిగితే పొట్టంతా అంచు దాటి ఎగిరిపోయి, గింజలు మాత్రం చేట లోపలికే జారుకుంటాయి. ఈ నేర్పు ఒక్కరోజులో వచ్చేది కాదు కనుక, పక్కనే కూర్చుని నేర్పించమని అడగండి. చేతులు వణికే తాతకు ఏలకులు ఒలిచే పని ఇవ్వండి. మతిమరుపు ఉన్నవారికి ఒకసారికి ఒక్క పనే చెప్పాలి, తొందరపెట్టకూడదు.

గింజలను మిక్సీలో ఆపి ఆపి తిప్పి, బెల్లం, ఏలకుల పొడి వేసి మరొకసారి తిప్పితే నూనె వదిలి ముద్దకు వస్తుంది. పిడికిట్లో గట్టిగా నొక్కి, నిమ్మకాయంత ఉండలు చుట్టాలి. విడిపోతుంటే చెంచాడు నెయ్యి కలపండి. పళ్లు లేనివారి కోసం పలుకు తగలకుండా మెత్తగా పొడి చేయాలి. మింగడం కష్టమయ్యేవారికీ, చక్కెర వ్యాధి ఉన్నవారికీ వైద్యుణ్ణి అడగకుండా పెట్టవద్దు. తడి లేని డబ్బాలో ఇవి వారం రోజులు నిలవుంటాయి.