గ్లూటెన్ లేని బన్నులో పోషకాలను చూసుకోవడం ఎలా?

గోధుమ పడనివారికి గ్లూటెన్ (గోధుమలో జిగురునిచ్చే మాంసకృత్తి) లేని బన్ను అవసరమే గాని, గ్లూటెన్ లేనంత మాత్రాన అది బలమైన ఆహారమని అనుకోరాదు. తిరుపతిలో ఏ దుకాణంలో కొన్నా ముందుగా పొట్లం వెనుకనున్న పదార్థాల పట్టికను చదవండి; ఎక్కువగా వాడినదే అక్కడ మొదట ఉంటుంది కాబట్టి, కర్రపెండలం, మొక్కజొన్న, బంగాళదుంపల స్టార్చ్ వరుసగా కనిపిస్తే మాంసకృత్తులు, పీచు తక్కువని గ్రహించాలి. పోషకాలను 100 గ్రాముల లెక్కనే పోల్చండి.

ఇంట్లో చేసుకోవడమే మేలని నా అభిప్రాయం. సంకటికి వాడే రాగిపిండిలో గ్లూటెన్ ఉండదు, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఇసబ్‌గోల్ పొట్టును నీటిలో నానబెట్టి, జిగురుగా మారాక రాగిపిండి, బియ్యప్పిండి మిశ్రమంలో కలిపితే ముద్ద విరిగిపోకుండా నిలుస్తుంది, పీచూ పెరుగుతుంది. సీలియాక్ వ్యాధి (గ్లూటెన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవారు మాత్రం గోధుమలు ఆడిన మరలో రాగులను ఆడించకూడదు.