బూత్ ఏజెంటుగా కూర్చుంటున్నారా? 17సీ చేతికి రాకుండా లేవకండి

2024 మే 13న కోనసీమలో ఒక లంక ఊరి బూత్‌లో ఇండిపెండెంట్ తరఫున ఏజెంటుగా కూర్చున్నాను. పొద్దున్నుంచీ అన్నీ బాగానే చూసుకున్నాను గానీ సాయంత్రం ఆఖరి పడవ దొరకదేమోనన్న టెన్షన్‌లో బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసిచ్చే ఫారం 17సీ కాపీ తీసుకోకుండానే రేవుకి పరిగెత్తాను. జూన్ 4న కౌంటింగ్ టేబుల్ దగ్గర సరిచూడ్డానికి మా వాళ్ల చేతిలో ఏమీ లేదు. తప్పు నాదే, అందుకే రాస్తున్నా.

మిమ్మల్ని ఏజెంటుగా నియమిస్తూ అభ్యర్థి సంతకం చేసిన ఫారం 10 ముందే తీసుకోండి. పోలింగ్ 7 గంటలకైతే మాక్ పోల్ (మిషన్ పరీక్షకి వేసే ఉత్తుత్తి ఓటింగు) 5:30కే, ఏజెంట్లు రాకపోతే 15 నిమిషాలు చూసి మొదలెట్టేస్తారు, కాబట్టి ఏరు దాటి వెళ్లాల్సిన ఊరైతే ముందు రాత్రే అక్కడికి చేరుకుని పడుకోండి. మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేయాలి, నోటాతో సహా ప్రతి గుర్తుకీ పడాలి. ఎవరికెన్ని వేశారో కాగితం మీద గీతలు పెట్టుకుని, మిషన్ చూపించిన అంకెతోనూ వీవీప్యాట్ (ఓటు ఏ గుర్తుకి పడిందో స్లిప్పు మీద అచ్చువేసి చూపే మిషన్) స్లిప్పులతోనూ పోల్చుకోండి. ఆ తర్వాత క్లియర్ బటన్ నొక్కారా, మిషన్ సున్నా చూపిస్తోందా, స్లిప్పుల డబ్బా ఖాళీ చేశారా అన్నది కళ్లారా చూడండి. ఇక్కడ మర్చిపోతేనే తర్వాత లెక్క తేడా వచ్చి గొడవ.

ఓటరుకి స్లిప్పు 7 సెకన్లే కనిపిస్తుంది. వేరే గుర్తు పడిందని ఎవరైనా అంటే బయటికొచ్చి అరవడం కాదు, ప్రిసైడింగ్ ఆఫీసరుకి రాసివ్వాలి, అప్పుడు ఏజెంట్ల ఎదుటే టెస్ట్ ఓటు వేయిస్తారు. అబద్ధమని తేలితే కేసవుతుంది, అదీ చెప్పండి.

ఇక 17సీ. మిషన్ల నంబర్లు, సీళ్ల నంబర్లు, పోలైన మొత్తం ఓట్లు అందులో ఉంటాయి. పోలింగ్ ముగిశాక ఉన్న ప్రతి ఏజెంటుకీ కాపీ ఇవ్వాలన్నది రూలు, మొహమాటపడకండి. అసెంబ్లీ, పార్లమెంటు రెండూ కలిసొస్తే కాపీలూ రెండు. కౌంటింగ్‌లో కంట్రోల్ యూనిట్ (ఓట్లు నమోదయ్యే మిషన్) నంబరూ మొత్తమూ దాంతో కలవాలి. ఆపైన ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో లాటరీ తీసి 5 బూత్‌ల స్లిప్పులు లెక్కపెడతారు, తేడా వస్తే స్లిప్పుల లెక్కే చెల్లుతుంది. రెండు, మూడు స్థానాల్లో నిలిచినవాళ్లు ఫలితం వచ్చిన 7 రోజుల్లోపు ఫీజు కట్టి 5 శాతం మిషన్ల తనిఖీ అడగొచ్చని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో చెప్పింది. మూడో స్థానం ఇండిపెండెంటుకీ రావచ్చు కదా.

నిలబడాలనుకునేవాళ్లకి ఒక మాట. అసెంబ్లీకి డిపాజిట్ 10,000, ఎస్సీ ఎస్టీలకి 5,000. నన్నడిగితే డబ్బుకన్నా నామినేషన్ మీద ప్రతిపాదకుల సంతకాల దగ్గరే జాగ్రత్త ఎక్కువ కావాలి. గుర్తింపు పార్టీ వాళ్లకి ఒక్క ప్రతిపాదకుడు చాలు, ఇండిపెండెంటుకి 10 మంది, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. ఉదాహరణకి దిండి అనే ఊరిది రాజోలు నియోజకవర్గం, గోదావరి వంతెన దాటితే వచ్చే చించినాడ ఊరిది పాలకొల్లు. బావమరిది అవతలి ఒడ్డునుంటే ఆయన సంతకం పనికిరాదు, ఓటర్ల జాబితాలో పార్ట్ నంబరు, వరస నంబరు చూశాకే పెట్టించండి.