గిరాకీ తగ్గినప్పుడు గల్లా ఎండిపోకుండా చూసుకోవడం ఎలా

నేను కూకట్‌పల్లి, బాలానగర్ సైడ్ చిన్న షాపులకీ వర్క్‌షాపులకీ లెక్కలు రాసిపెడతాను. అమ్మకాలు సగానికి పడిపోయినా నిలబడ్డవాళ్లని చూశాను, అమ్మకాలు బానే ఉండి కూడా కిరాయి కట్టలేక షాపు ఖాళీ చేసినవాళ్లనీ చూశాను. నాకు అర్థమైంది ఏంటంటే, తమ డబ్బు ఎక్కడ ఇరుక్కుందో తెలిసినవాళ్లు డల్ సీజన్‌ని ఎలాగోలా దాటేస్తారు.

అందుకే ఇవాళ రాత్రి షట్టర్ దించేముందు ఒక కాగితం తీసుకుని మూడు లెక్కలు రాయండి. బయటివాళ్లు మీకు ఇవ్వాల్సిన ఉద్దెర ఎంత, మూడు నెలలుగా కదలని సరుకు కొన్న రేటుకి ఎంత, ఒక్క రూపాయి గిరాకీ లేకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సింది ఎంత (కిరాయి, జీతాలు, కరెంటు, ఈఎంఐ, చిట్టీ అన్నీ కలిపి). మూడోది అందరికీ నోటికే వచ్చు, మొదటి రెండూ రాసి చూసుకునేవాళ్లు చాలా తక్కువ.

సరుకుతో మొదలుపెట్టండి, అది మన చేతిలోదే కాబట్టి. కదలనిదాన్ని కొన్న రేటుకే అమ్మేయండి, అవసరమైతే కొంచెం తగ్గించి అయినా సరే, ఆ డబ్బుతో రోజూ అడిగే సరుకు తెచ్చుకుంటే నెలలో రెండు మూడుసార్లు తిరుగుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఒక సౌకర్యం ఉంది, హోల్‌సేల్ సరుకు దొరికే బేగంబజార్ గానీ రాణీగంజ్ గానీ జనరల్ బజార్ గానీ పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి తిరిగొచ్చేయొచ్చు, మరి మూడు నెలల సరుకు షాపులో ఎందుకు పెట్టుకోవాలి? కంపెనీ సేల్స్‌మ్యాన్ వచ్చి పది కార్టన్లకి ఒకటి ఫ్రీ అంటాడు, అతని టార్గెట్ అతనికుంటుంది పాపం, కానీ ఆ పది అమ్ముడయ్యేదాకా ఇరుక్కునేది మన డబ్బు. గిరాకీ లేనప్పుడు స్కీములు వద్దని మొహమాటం లేకుండా చెప్పేయండి.

ఇక ఉద్దెర. కాలనీ కిరాణా అయితే పాత బాకీ మొత్తం ఒకేసారి అడిగితే ఆ మనిషి మన గల్లీలోకే రావడం మానేస్తాడు, వేరే షాపు చూసుకుంటాడు. కొత్త సరుకు నగదుకి ఇస్తూ పాతదాంట్లో వారానికి కొంత కొంత ఫోన్‌పే చేయమని అడగండి, చాలామంది ఇస్తారు.

కంపెనీలకి జాబ్‌వర్క్ చేసేవాళ్ల కష్టం వేరు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో లేత్ పనో ఫ్యాబ్రికేషనో చేసి బిల్లు పంపితే మూడు నెలలు, ఐదు నెలలు తిప్పుతారు. దీనికి చట్టం ఉంది, ఎంతమందికి చెప్పినా ఇంకా తెలియనివాళ్లే ఎక్కువ, నాకు అదే బాధ. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత లేదన్నా 45 రోజుల్లో పేమెంట్ ఇవ్వాలి, దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇది వాడుకోవాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (కేంద్ర ప్రభుత్వం దగ్గర చిన్న సంస్థగా నమోదు) కావాలి, ఆన్‌లైన్‌లో ఆధార్, పాన్‌తో పూర్తిగా ఫ్రీ, ఎవరైనా ఫీజు అడిగితే ఆ సైట్ అసలుది కాదు. ఆర్డర్ తీసుకునేముందే చేయించుకుని ఉంటే తర్వాత పేచీ రాదు.

కేసు వేస్తే ఆర్డర్లు ఆపేస్తారేమో అని భయపడతారు, ఆ భయం నిజమే. అందుకే ముందు చిన్న పని చేయండి, ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబర్ ప్రింట్ చేయించండి. 2023 బడ్జెట్‌లో ఒక రూల్ వచ్చింది, మైక్రో, స్మాల్ యూనిట్లకి గడువులోగా కట్టకపోతే, కట్టిన సంవత్సరంలో తప్ప ఆ ఖర్చుని కొనుగోలుదారు ఇన్‌కమ్‌ట్యాక్స్‌లో చూపించుకోలేడు. కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో వాళ్ల అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌కి ఈ మాట గుర్తుచేస్తూ ఒక మెయిల్ పెట్టండి, గొడవ లేకుండా చాలా బిల్లులు కదులుతాయి. అప్పటికీ కదలకపోతే ఆలస్యమైన పేమెంట్ల కోసం కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో కంప్లైంట్. ఒక్క విషయం, కొని అమ్మే షాపులకి ఈ 45 రోజుల రక్షణ వర్తించదు, వాళ్లకి ఉద్యమ్ బ్యాంకు లోన్ల కోసం మాత్రమే పనికొస్తుంది.

అప్పు తప్పదనుకుంటే దయచేసి డైలీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్లకండి. 10 వేలు అని చెప్పి చేతికి 9 వేలిస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా అనిపిస్తుంది, కానీ మొదటి రోజు నుంచే అసలు కూడా కట్టేస్తున్నాం కాబట్టి లెక్కేస్తే నెలకి నూటికి ఆరు రూపాయల పైనే మిత్తి పడుతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టడం దీనికంటే ఎంతో నయం. ముద్ర లోన్‌కి తాకట్టు అక్కర్లేదు, అందులో శిశు అనే రకం కింద 50 వేలు, కిశోర్ కింద 5 లక్షలు, తరుణ్ కింద 10 లక్షల దాకా. బండి మీద అమ్ముకునేవాళ్లకి స్వనిధి లోన్ ఉంది, 2025లో మార్చాక మొదటిసారి 15 వేల దాకా ఇస్తున్నారు, సరిగ్గా కడితే తర్వాత 25 వేలు, ఆ తర్వాత 50 వేలు. బ్యాంకువాళ్లు చూసేది అకౌంట్ స్టేట్‌మెంట్, అందుకే ఇంటి ఖర్చులకీ షాపుకీ ఒకే క్యూఆర్ కోడ్ పెట్టుకోకండి, షాపుకి వేరే అకౌంట్ తీసి మీ ఇంటికి నెలకింత అని జీతంలా తీసుకోండి.

కిరాయి ఆలస్యమవుతుందనిపిస్తే తేదీ దాటకముందే ఓనర్‌ని కలవండి. షాపు ముందు జాగా ఉంటే ఓనర్ ఒప్పుకున్నాక సాయంత్రాలు మిర్చి బండికో చాట్ బండికో ఇస్తే కిరాయిలో కొంత వస్తుంది, దానికోసం వచ్చే జనం మన షాపు కూడా చూస్తారు.

ఆషాఢం, మూఢం క్యాలెండర్‌లో ముందే కనిపిస్తాయి, కాబట్టి పెళ్లిళ్ల మీద బతికేవాళ్లు ఆ నెలలకి ముందే వేరే పని వెతుక్కోవాలి. టైలర్లకి జూన్‌లో స్కూల్ యూనిఫాంలు, ఆల్టరేషన్లు ఉంటాయి. శుభలేఖలు వేసే ప్రెస్సులకి బిల్‌బుక్కులు, గణేష్ మండపాల చందా రసీదులు. ఏసీ మెకానిక్కులైతే ఎండాకాలం దాకా ఆగకుండా జనవరిలోనే పాత కస్టమర్లకి ఫోన్ చేసి ఏడాది సర్వీసు కాంట్రాక్టుకి సగం అడ్వాన్స్ తీసుకోండి.

పనివాళ్లని తీసేయడం చివర్న ఆలోచించండి. కస్టమర్ల పేర్లు, కొలతలు గుర్తున్న మనిషి పోతే కస్టమర్లూ పోతారు. ముందు గంటలు తగ్గించండి, విషయం దాచకుండా వాళ్లతో కూర్చుని మాట్లాడండి.

జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్లు బిజినెస్ లేదని రిటర్న్ వదిలేయకండి. నిల్ రిటర్న్ అయినా ఆలస్యమైతే రోజుకి 20 రూపాయలు పడుతూ ఉంటుంది, నిల్ రిటర్న్‌ని ఎస్ఎంఎస్‌తో కూడా వేసేయొచ్చు. తెలంగాణలో సరుకైనా సర్వీసైనా ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ ఉండి, రాష్ట్రం బయటికి సరుకు పంపకుండా, ఆన్‌లైన్ యాప్‌లలో అమ్మకుండా ఉంటే ఆ నంబర్ అవసరమా లేదా అని మీ లెక్కలు చూసేవాళ్లని ఒకసారి అడగండి, క్యాన్సిల్ చేయించుకోవాలంటే ముందు పాత రిటర్న్‌లన్నీ క్లియర్ చేయాలి.