బ్యాండు ప్రాక్టీసుకు గది వెతికేటప్పుడు: ఐదు గదులు మారిన ఒక గాయని మాట

2018లో మేం మొదటిసారి అద్దెకు తీసుకున్న గది కొత్తపేటలో ఒక పెంట్‌హౌస్. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నున్నటి గోడలు, నేలంతా టైల్స్. అద్దె తక్కువ, గాలి బాగా వస్తుంది, అందరికీ చూడగానే నచ్చింది. మూడో వారానికి నా గొంతు పూర్తిగా పోయింది. సోమవారం స్కూల్లో లెక్కల క్లాసు మొత్తం బోర్డు మీద రాసి, సైగలతో నెట్టుకొచ్చాను.

గొంతు బాగాలేదని మిరియాల పాలు తాగాను, ఆవిరి పట్టాను. తప్పు గొంతుది కాదు, గదిది. అది అర్థమవడానికి రెండు నెలలు పట్టింది. నున్నటి గోడల మధ్య డ్రమ్స్ సెట్టులోని ఇత్తడి తాళాల (సింబల్స్) చప్పుడు ఎటూ పోకుండా తిరుగుతూనే ఉంటుంది. గిటార్ అతనికి తన వాయింపు వినపడదు, ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెద్దది చేసే పెట్టె) పెంచుతాడు. కీబోర్డు పెరుగుతుంది, బాస్ గిటార్ పెరుగుతుంది. చివరికి నేను అరుస్తాను. మైకు పెంచుదామంటే కీచుమని ఫీడ్‌బ్యాక్. ఇప్పటికి ఐదు గదులు మారాక నేను చెప్పగలిగింది ఒకటే: మామూలుగా పాడినప్పుడు పాటలో మాటలు అందరికీ వినపడే గది దొరికితే, మిగతా లోపాలు చాలావరకు సర్దుకోవచ్చు. అలాంటి గది ఎలా వెతకాలో, చూడ్డానికి వెళ్లినప్పుడు ఏమేం పరీక్షించాలో మా అనుభవంలోంచి రాస్తున్నాను.

గది వెతికే ముందు ఎవరు ఎక్కడినుంచి వస్తారో కాగితం మీద రాసుకోండి. మాలో డ్రమ్మర్ ఎల్బీనగర్, బాస్ మియాపూర్, గిటార్ సికింద్రాబాద్, కీబోర్డు మెహదీపట్నం, నేను ఉప్పల్. అందరికీ సమాన దూరం అని మ్యాపులో మధ్య చుక్క వెతకడం వల్ల మాకు ఉపయోగం లేకపోయింది. బరువు మోసేదెవరు, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేదెవరు అని చూశాం. కీబోర్డు భుజాన వేసుకుని రెండు బస్సులు మారాల్సిన మనిషి మూడో నెల నుంచి రావడం తగ్గిస్తాడు. అది అతని తప్పు కాదు. మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాల ఆటో దూరంలో ఉంటే ఎవరూ ఎగ్గొట్టరని మాకు అనుభవం. ఇంకో మాట, ఆడపిల్లలున్న బ్యాండు అయితే రాత్రి తొమ్మిదిన్నరకు ఆ సందు ఎలా ఉంటుందో వెళ్లి చూడండి. వీధి లైట్లు ఉన్నాయా, బాత్రూమ్‌కి గడియ పడుతుందా, నీళ్లు వస్తాయా? మగవాళ్లు గది చూసి వచ్చి "సూపర్" అంటారు, బాత్రూమ్ సంగతి అడిగితే గుర్తుండదు. నేను స్వయంగా చూడకుండా ఏ గదికీ ఒప్పుకోను.

ఎక్కడ వెతకాలి? గంటల లెక్కన అద్దెకిచ్చే ప్రాక్టీసు గదులు, అంటే జామ్‌ప్యాడ్‌లు, వాయించేవాళ్లందరికీ తెలిసినవే. కొత్త బ్యాండు అక్కడే మొదలుపెట్టడం మంచిది. డ్రమ్ కిట్, ఆంప్‌లు, మైకులు అన్నీ ఉంటాయి. బుక్ చేసే ముందు వెళ్లి డ్రమ్స్ చర్మాలు, స్టూలు, మైకు కేబుళ్లు చూడండి. సామాన్లు సర్దుకునే పావుగంటకు కూడా డబ్బు లెక్కేస్తారా అని అడగండి. పక్క గదిలో ఇంకో బ్యాండు వాయిస్తున్నప్పుడే చూడ్డానికి వెళ్లండి, గోడల సంగతి అప్పుడే తెలుస్తుంది.

చాలామందికి తట్టని చోటు చర్చి. మన ఊళ్లలో చాలా చర్చిల్లో డ్రమ్స్, కీబోర్డు, సౌండ్ మిక్సరు, స్పీకర్లు బిగించే ఉంటాయి. మా డ్రమ్మర్ చేతికి కర్రలు వచ్చింది కూడా వాళ్ల చర్చిలోనే. వారం మధ్యలో సాయంత్రాలు హాలు ఖాళీగా ఉంటే పాస్టర్‌గారిని మర్యాదగా అడగవచ్చు. ఏ పాటలు వాయిస్తారో ముందే దాచకుండా చెప్పండి. ఆయన వద్దంటే నొచ్చుకోకండి, అది వాళ్ల ప్రార్థన స్థలం. మాకు ఆరు నెలలు అలా చోటిచ్చారు. బదులుగా క్రిస్మస్‌కి మేం వాళ్ల క్వయర్‌తో కలిసి వాయించాం. ఆ ఆరు నెలలు నాకు చాలా ఇష్టమైన రోజులు.

డాన్సు, సంగీతం నేర్పే స్కూళ్లు రాత్రి ఏడున్నర తర్వాత ఖాళీగా ఉంటాయి. ఫంక్షన్ హాళ్లు ఆషాఢంలోనూ మూఢాల్లోనూ పెళ్లిళ్లు లేక తాళం వేసి ఉంటాయి. మేనేజర్‌ని అడిగితే డైనింగ్ హాలు తక్కువకే ఇస్తారు. కాకపోతే అంత పెద్ద హాలులో శబ్దం మోగిపోతుంది కాబట్టి ప్రతివారం ప్రాక్టీసుకు పనికిరాదు. ప్రోగ్రాం ముందు ఒకసారి స్టేజీ మీద నిలబడ్డట్టు వాయించి చూసుకోవడానికి బాగుంటుంది.

సెల్లార్ల గురించి గట్టిగా చెబుతాను. శబ్దం బయటకు పోదు, నేల కింద మట్టే కాబట్టి కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్ము) అదురు ఎవరి పడకగదికీ చేరదు. మాకూ ఒక మంచి సెల్లారు దొరికింది. లాక్‌డౌన్‌లో సామాన్లు అక్కడే వదిలి తాళం వేశాం. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన గుర్తుంది కదా. తెల్లారి వెళ్తే బాస్ ఆంప్ నీళ్లలో ఉంది. సెల్లారు తీసుకుంటే గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో వెతకండి, మోటారు ఎవరు వేస్తారో వాచ్‌మన్‌ని అడగండి, కరెంటు వస్తువు ఏదీ నేల మీద ఉంచకండి.

ఇక గదిలో అడుగు పెట్టాక చేయాల్సినవి. మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి. "టప్" అని ఆగిపోతే మంచిది. "టర్ర్ర్" అని వణుకుతూ సాగితే ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా ఎగురుతోందని అర్థం. తర్వాత కొలతలు తీయండి. చదరపు గది, అందులోనూ ఎత్తు కూడా అంతే ఉన్న గది వద్దు. పది అడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ (అంటే సెకనుకు 56 కంపనాలు, బాగా లావు శబ్దం) దగ్గర శబ్దం ఉబ్బుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే అయితే మూడు వైపులా అదే చోట ఉబ్బుతుంది. బాస్‌లో కొన్ని స్వరాలు బాంబుల్లా పేలుతాయి, కొన్ని అసలు ఉండవు. మా పెంట్‌హౌస్‌లో జరిగింది అదే. మా బాస్ గిటార్ అతను పాపం నెల రోజులు తీగలు మారుస్తూ కూర్చున్నాడు. పొడుగ్గా ఉండి, ఒక గోడకు పుస్తకాల ర్యాకో, సామాన్ల అరలో ఉన్న గది ఎంత పాతదైనా దానికంటే నయం.

శబ్దం బయటకు పోతుందా అన్నది వేరే ప్రశ్న, దీన్ని చాలామంది కలిపేస్తారు. గుడ్ల అట్టలు అతికిస్తే సౌండ్‌ప్రూఫ్ అవుతుందని మాకూ చెప్పారు. ఆదివారమంతా కూర్చుని అతికించాం. పక్కింటికి వెళ్లే శబ్దం రవ్వంత కూడా తగ్గలేదు, బల్లులు మాత్రం చేరాయి. పైగా నిప్పు అంటుకుంటే క్షణాల్లో మండిపోతుంది. గోడకు అంటించే సన్నటి ఫోమ్ తాళాల జిగజిగను తగ్గిస్తుందే తప్ప బాస్‌ని ఏమీ చేయలేదు. బాస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్, ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైనే. రెండంగుళాల స్పాంజి దాన్నేం ఆపుతుంది? బయటకు పోకుండా ఆపేది బరువు, సందుల్లేకపోవడం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, బరువైన చెక్క తలుపు, చుట్టూ రబ్బరు పట్టీ. రాత్రిపూట గదిలో లైటు వేసి బయట నిలబడండి. తలుపు కింద, కిటికీ అంచుల్లో వెలుగు ఎక్కడ కనపడితే శబ్దం అక్కడినుంచి పోతుంది. గోడకు రంధ్రం చేసి పెట్టిన విండో ఏసీ ఉంటే అది తెరిచిన కిటికీ కిందే లెక్క, స్ప్లిట్ ఏసీ ఉన్న గది చూసుకోండి.

లోపలి మోత తగ్గించడానికి ఖర్చు పెట్టకండి. అమ్మమ్మ ఇంట్లో అటక మీదున్న పాత దూది పరుపులు రెండు తెచ్చి మూలల్లో నిలబెట్టాం. బొంతలు గోడలకు వేలాడదీశాం, డ్రమ్స్ కింద మందపాటి తివాచీ పరిచాం. నా గొంతుకు వచ్చిన హాయి మాటల్లో చెప్పలేను. కింద ఎవరైనా కాపురం ఉంటే డ్రమ్స్‌ను నేల మీద పెట్టకండి. రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య టెన్నిస్ బంతులు కూర్చి దాని మీద పెడితే అదురు తగ్గుతుంది. పూర్తిగా పోదు, అందుకే వీలైతే గ్రౌండ్ ఫ్లోరే తీసుకోండి.

కరెంటు సంగతి దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఒక గదిలో గిటార్ అతను తీగలు పట్టుకునే నా మైకు సరిచేయడానికి వచ్చాడు. చెయ్యి తగలగానే జివ్వుమని వెనక్కి పడ్డాడు. ఎర్తింగ్ లేని గది అది. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఒక ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లి మీటర్ పెట్టించండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా సుమారు 230 వోల్టులు చూపాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు మించకూడదు. 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే పెట్టించమని ఓనర్‌ని అడగండి, కాదంటే మీరే పెట్టించుకోండి, ప్రాణం కంటే ఖరీదు కాదు. ఏసీకి వేరే లైను ఉండాలి. ఆంప్‌లూ మైకులూ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే "గుయ్" అనే హమ్ కూడా తగ్గుతుంది. త్రీపిన్ ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఆ రోజే మాన్పించండి.

ఇరుగుపొరుగును అడ్వాన్స్ ఇవ్వకముందే కలవండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత), రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి. డ్రమ్ కిట్ దగ్గర నిలబడితే 100 దాటుతుంది. అంటే గోడ ఎంత మంచిదైనా పొరుగువాళ్ల ఓర్పు కూడా మనకు కావాలి. మా కొత్తపేట గది కింద వాటాలో ఇంటర్ చదివే అమ్మాయి ఉందని మాకు తెలియదు. మార్చిలో ఒక రాత్రి వాళ్ల నాన్నగారు పైకి వచ్చి, తిట్టకుండా, "ఎల్లుండి మ్యాథ్స్ పేపరమ్మా" అన్నారు. నేను లెక్కల టీచర్ని. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పటినుంచి టెన్త్, ఇంటర్ పరీక్షల రోజుల్లో ఇళ్ల మధ్య వాయించం. కొత్త చోటికి వెళ్తే ముందు ఇరువైపులా ఇళ్లకు వెళ్లి ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్నింటి దాకా అని చెప్పి, నా ఫోన్ నంబరు ఇచ్చి వస్తాను. ఇబ్బందైతే పోలీసులకు కాకుండా నాకు ఫోన్ చేయమంటాను. చేశారు కూడా, రెండుసార్లు. రెండుసార్లూ వెంటనే ఆపేశాం.

డబ్బు లెక్క చిన్నదే. మేం జామ్‌ప్యాడ్‌కి గంటకు 500 ఇచ్చేవాళ్లం. వారానికి మూడు గంటలు, నెలకు 6,000, తలా 1,200. సొంతంగా షట్టర్ (దుకాణం గది) తీసుకుంటే అద్దె 9,000, కరెంటుతో కలిపి పదివేల దాకా అయింది. కాబట్టి వారానికి ఒక్కసారే కలిసే బ్యాండుకు సొంత గది దండగ. ఇంకో బ్యాండుతో పంచుకుంటేనే గిట్టుబాటు. అప్పుడు ఎవరి తాళం ఎవరి దగ్గర, ఎవరి స్పీకరు పోతే ఎవరు బాగుచేయించాలి అన్నది కాగితం మీద రాసుకోండి. స్నేహం ఉంది కదా అని మేం రాసుకోలేదు, ఒక మిక్సరు దగ్గర ఆ స్నేహం చెడింది.

గది ఏదైనా చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండవచ్చంటారు, మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. మా ప్రాక్టీసు మూడు గంటలు.

ఇప్పుడు మేం నాచారం పారిశ్రామిక వాడలో ఒక షెడ్డు పక్కన పాత స్టోర్ రూమ్‌లో వాయిస్తున్నాం. హబ్సిగూడ మెట్రో దిగితే ఆటో దొరుకుతుంది. ఆదివారం మెషీన్లు ఆగి ఉంటాయి, చుట్టుపక్కల ఇళ్లు లేవు. గోడలకు ఇనప అరలు, వాటి నిండా పాత ఫైళ్లు, అట్టపెట్టెలు. ఓనర్ వాటిని తీయిస్తానన్నారు, వద్దని మేమే బతిమాలాం. డబ్బు మాట్లాడే ముందు రెండు గంటలు వాయించి చూసుకుంటామని అడిగి, ఫోన్‌ను గది మధ్యలో స్టూలు మీద పెట్టి, ఒక పాట మొత్తం రికార్డు చేశాం. నేను గొంతు పెంచకుండా, ఇంట్లో పాడినట్టే పాడాను. ఆ రాత్రి ఆ రికార్డింగును మా అమ్మకు వినిపించాను, ఆమెకు ఆ పాట తెలియదు. చరణంలో మాటలు ఒక్కొక్కటే తిరిగి చెప్పింది. తెల్లారి అడ్వాన్స్ కట్టేశాం.